చేతికి మొహమాటం

పెట్టెలోకి వెళ్లబోయే ప్రతి కృత్రిమ చెయ్యీ ముందు ఒక కోడిగుడ్డును పట్టుకుని తీరాలి. ఆ వర్క్‌షాపులో అదే ఆఖరి పరీక్ష. బల్ల మీద గుడ్డచుట్టలో నిలబెట్టిన గుడ్డును నల్లటి ప్లాస్టిక్ వేళ్లు అందుకుంటాయి. తాకగానే ఆగుతాయి. వెంట్రుకవాసి వెనక్కి జరిగి, గుడ్డు ఏమంటుందోనని ఒక్క క్షణం చూసి, అప్పుడు ఎంత కావాలో అంతే బిగుసుకుని పైకి లేపుతాయి. ఆ ఆగడం లేని రోజుల్లో పరీక్ష బల్ల మీద పచ్చసొన ఏరులై పారేది. పగిలినవన్నీ గిన్నెలోకి వంచుకుని మధ్యాహ్నం అందరూ ఆమ్లెట్లు వేసుకునేవారు. చెల్లెమ్మ రాసిన ప్రోగ్రాం వచ్చాక గుడ్లు పగలడం మానేశాయి. "మా నోటికాడ కూడు తీసేశావు కదమ్మా" అని ప్యాకింగు వాళ్లు ఇప్పటికీ ఆమెను ఆడిపోసుకుంటారు.

ఈ చెల్లెమ్మ ఎవరికి చెల్లెలని కొత్తగా చేరినవాళ్లు అడుగుతూ ఉంటారు. పరీక్ష బల్ల దగ్గర కూర్చుని, కుడి మోచేతి కింద తొడుక్కున్న నల్లచేత్తో గుడ్లు ఎత్తి దించుతూ ఉండే మనిషికి చెల్లెలు. రేకుల ప్రెస్సులో చెయ్యి పోగొట్టుకున్న ఆయన ఇక్కడికి చెయ్యి కొనుక్కోవడానికి వచ్చి, ఇదేం చెయ్యి, దీనికంటే పట్టకారు నయం అని యజమానితో దెబ్బలాడి, దెబ్బలాటలోనే పనికి కుదిరాడు. చెయ్యి కొత్తగా తొడుక్కున్నవాళ్లకు దాన్ని వాడటం నేర్పేది ఆయనే. వాళ్లంతా ఆయన్ని అన్నయ్యా అని పిలుస్తారు కాబట్టి, కంప్యూటరు ముందు కూర్చునే ఆమె అందరికీ చెల్లెమ్మ అయి కూర్చుంది.

వేళ్ల ఆ ఆగడానికి పేరు పెట్టింది మాత్రం వదిన. చేతుల లోపల తొడుక్కునే మెత్తటి గుడ్డ తొడుగులు కుట్టే పని ఆమెది. ప్రోగ్రాం మొదటిసారి ఎక్కించిన రోజున అన్నయ్య చెయ్యి ఆమె చేతిని అందుకోబోయి, తాకి, చటుక్కున తగ్గి, మళ్లీ నెమ్మదిగా ముందుకొచ్చింది. "ఓయబ్బో, కొత్తల్లుడిలా దీనికెంత మొహమాటమో!" అంది వదిన. అందరూ పగలబడి నవ్వారు. వదిన నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అంతకుముందు అదే చెయ్యి ఒకసారి ఆమె వేళ్లను పట్టుకుంటే చూపుడువేలి గోరు నల్లబడి ఊడిపోయింది. ఆనాటి నుంచి ఆమె మొగుడికి ఎడంపక్కనే నడిచేది. మొహమాటం వచ్చాక కుడిపక్కకు మారింది.

ఆ పేరే ఖాయమైపోయింది. "దీనికి మొహమాటం ఎక్కించారా?" "మొహమాటం కాస్త ఎక్కువైంది, గ్లాసు పట్టుకోవడానికి గంట ఆలోచిస్తోంది" అని మాట్లాడుకునేవారు. చెల్లెమ్మకు ఆ మాట వినబడ్డప్పుడల్లా లోపల వెచ్చగా ఉండేది. సముద్రం దాటి వెళ్లే పెట్టెల వంక చూస్తూ, పేరూ ఊరూ తెలియని ఏ మనిషి మోచేతికో ఈ చెయ్యి తగులుకుని ఏ పిల్ల బుగ్గ ముందో ఒక్క క్షణం ఆగుతుంది కదా అనుకునేది. ఆ క్షణాన్ని ఒక్కసారైనా చూడాలని ఆమెకు ఉండేది. ఎవరితోనూ అనలేదు.

ఆ ఉదయం వర్క్‌షాపు యజమాని మేడమీదికి వచ్చి, లోపలికి రాకుండా గుమ్మంలోనే కళ్లద్దాలు తుడుచుకుంటూ నిలబడ్డాడు. అందరూ పెద్దాయన అనే ఆ మనిషికి జీవితంలో కాదు, కూడదు అనే మాటలు నోటికి రాలేదు.

"చెల్లెమ్మా, ఓసారి కిందకి వస్తావా? నీకు పనుంటే తరవాతైనా పర్లేదు... అంటే, ఇప్పుడైతే బాగుంటుంది. లాయరమ్మ వచ్చింది."

కింద ఆఫీసు గదిలో లాయరమ్మ కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఆమె మామూలుగా కూర్చోగానే టీ అడుగుతుంది. ఇవాళ అడగలేదు.

"సూటిగా చెప్పేస్తాను. మనం చేతులు పంపించే దేశంలో ఒక పెద్ద కంపెనీ ఉంది కదా, వాళ్ల చేతి ధరకి మనవి అయిదొస్తాయి. అక్కడి ఆస్పత్రులు మనవే అడగడం మొదలెట్టేసరికి వాళ్లకి కడుపులో మంట పుట్టింది. ధరతో కొట్టలేరు. అందుకని పేటెంటుతో కొడుతున్నారు. మీ మొహమాటం వాళ్లదట."

"వాళ్లదేంటండీ?" అంది చెల్లెమ్మ. "మేడమీద ఆ కుర్చీలో కూర్చుని నేను రాశాను. ఎన్ని గుడ్లు పగలగొట్టి రాశానో వీళ్లందరికీ తెలుసు."

"నువ్వు రాసింది నిజమే తల్లీ. నీ రాత నీదే. కానీ వాళ్లు పేటెంటు తీసుకున్నది రాత మీద కాదు, పద్ధతి మీద. తాకగానే ఆగడం, వస్తువు మెత్తనో గట్టో చూసుకోవడం, అప్పుడు పట్టు బిగించడం. ఎవరు ఏ రకంగా రాసినా, ఆ దేశంలో ఆ పని చేసే చెయ్యి అమ్మాలంటే వాళ్ల అనుమతి కావాలి. మన దగ్గర ఉత్త ప్రోగ్రాం పద్ధతికి అలాంటి హక్కు ఇవ్వరు, కాబట్టి ఇక్కడ తప్పు లేదు. అదే చెయ్యి ఓడ దిగగానే దొంగసొత్తు."

"మన దగ్గర్నుంచే ఎత్తుకెళ్లారేమో! పెద్దాయన ఎగ్జిబిషన్లో చూపించారుగా."

పెద్దాయన మొహం ముడుచుకుపోయింది. కిందటేడు ఆ దేశంలో జరిగిన ఎగ్జిబిషన్లో ఎవరో వచ్చి, ఇది భలే ఆగుతోందే, ఎలాగండీ అని అడిగితే, కాదనలేక అరచేతి మూత విప్పి, మోటార్ల దగ్గర్నుంచి మొత్తం వివరించి చెప్పి, కాఫీ కూడా ఇప్పించి పంపాడు. వచ్చినవాడు ఆ కంపెనీ మనిషే.

"వాళ్లు దొంగలైతే నాకు పని సులువయ్యేది" అంది లాయరమ్మ. "కాదు. మనం మొదలెట్టకముందే, చాలా ఏళ్ల కిందటే దరఖాస్తు పెట్టుకున్నారు. ఎగ్జిబిషన్లో ఈయన చేసిందల్లా, మా చేతిలో మీ పద్ధతి ఉందండీ బాబూ అని సాక్ష్యం చేతికి ఇచ్చి రావడం."

చెల్లెమ్మకు కోపం పెట్టుకోవడానికి కూడా చోటు లేకుండా పోయింది. ఎవరో తెలియని మనిషి, ఎప్పుడో, తనకంటే ముందే సరిగ్గా ఇదే అనుకున్నాడు. పక్కింటావిడ కట్టుకున్న చీర అచ్చం మన చీరలాంటిదే అయితే ఉండే ఉక్రోషం లాంటిదేదో ముందు వచ్చింది. ఆ వెనకే, ఆ మనిషి ఎవరో చూడాలనిపించింది.

"ఇంకొకళ్లు కాచుకుని కూర్చున్నారు" అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. "పక్క దేశంలో ఒక ఫ్యాక్టరీ. వాళ్ల చేతుల్లో ఈ ఆగడం లేదు. గుడ్డూ పగులుతుంది, గ్లాసూ పగులుతుంది. కానీ కోర్టు గొడవ లేదు. మన పెట్టెలు ఆగితే ఆస్పత్రులు అటు తిరుగుతాయి. మన పెట్టెల్లో సగానికి పైగా ఆ ఓడే ఎక్కుతున్నాయమ్మా. అది పోతే పనివాళ్లలో ఎవర్ని ఉండమనాలో, ఎవర్ని వద్దనాలో... ఆ మాట నేను చెప్పలేను."

లాయరమ్మకు ఒక దారి కనబడింది. వాళ్ల పేటెంటులో వేళ్లు ఆగుతాయని ఉంది గాని వెనక్కి తగ్గుతాయని స్పష్టంగా లేదు. మనవి వెనక్కి తగ్గుతాయి. కాబట్టి ఇది వేరే పద్ధతి అని వాదించవచ్చు. ఎగ్జిబిషన్లో చూసినవాడు మోటార్లు చూశాడు గాని ఈ వెంట్రుకవాసి తేడా గమనించి ఉండడు. ఎల్లుండి వీడియోలో మాట్లాడదామన్నారు కంపెనీవాళ్లు. వాళ్ల తరఫున పేటెంటు రాసిన ఇంజనీరు కూడా కూర్చుంటాడట.

"ఒక్కటే నియమం. ఏమడిగినా చూపించొద్దు. కళ్లతో చూస్తే రెండూ ఒకటేనంటారు. నోటితో మాట్లాడదాం, చెయ్యి మాత్రం తెర మీదికి రాకూడదు. పెద్దాయనా, మీకే చెప్తున్నాను."

"అబ్బే, నేనెందుకు చూపిస్తాను" అన్నాడు పెద్దాయన. గదిలో ఎవరూ నమ్మలేదు.

ఆ సాయంత్రం ముగ్గురూ కలిసే బయల్దేరారు. అన్నయ్య మధ్యలో, వదిన కుడిపక్క, చెల్లెమ్మ రెండడుగులు వెనక. బస్సులూ మోటారుసైకిళ్లూ తెగ తిరిగే రోడ్డు అది. దాటేటప్పుడు నల్లచెయ్యి వదిన చేతిని అందుకుంది. తాకింది, తగ్గింది, పట్టుకుంది. వదిన తల తిప్పి కూడా చూడలేదు. కూరల ధరల గురించి ఏదో చెబుతూనే దాటేసింది. మొగుడు చెయ్యి పట్టుకోవడం మళ్లీ పట్టించుకోనక్కర్లేని సంగతి అయిపోయింది ఆమెకు.

చెల్లెమ్మ వెనకనుంచి అదే చూస్తూ నడిచింది. ఆమె కూడా ఒకప్పుడు ఆ పక్కనే నడిచేది. బడికి వెళ్లే దారిలో ఇలాంటి రోడ్డే ఒకటి ఉండేది. అన్నయ్య కుడిచేత్తో ఆమె మణికట్టు పట్టుకునేవాడు. ముందు ఊరికే తాకి, నొప్పెడుతోందా అన్నట్టు ఓసారి వదిలి, అప్పుడు గట్టిగా పట్టుకునేవాడు. ప్రోగ్రాం రాస్తున్నన్నాళ్లూ ఆమె లోపల ఉన్నది ఆ పట్టే. అది తిరిగొచ్చింది గాని ఆమె దగ్గరికి రాలేదు. తనే దానిచేత గుడ్లను ఎత్తించింది, గ్లాసులు ఎత్తించింది, వదినకు ఇప్పించింది. "అన్నయ్యా, నన్నోసారి చెయ్యి పట్టుకో" అని ఇంత వయసొచ్చాక ఎలా అడుగుతుంది? ఊరందరి చేతులకూ మొహమాటం నేర్పిన మనిషికి తనకు మాత్రం ఉండదా?

"ఏంటే వెనకబడ్డావు?" అన్నాడు అన్నయ్య రోడ్డు అవతలనుంచి.

"ఏం లేదు, చెప్పులో రాయి" అంది.

మాటల రోజున తెర మీద ముగ్గురు కనిపించారు. ఇద్దరు నల్లకోటు లాయర్లు. ఇద్దరికీ వెనగ్గా, ఎవరో బలవంతాన కూర్చోబెట్టినట్టు, గళ్ల చొక్కా వేసుకున్న ముసలాయన. పేటెంటు మీద ఉన్న పేరు ఆయనదేనని లాయరమ్మ చెవిలో చెప్పింది. వాళ్ల భాష వచ్చింది ఇక్కడ లాయరమ్మ ఒక్కదానికే. వాళ్ల మాటలు ఇటూ, వీళ్ల మాటలు అటూ ఆమే అప్పగిస్తోంది.

వాదన బాగానే నడిచింది. మావి వెనక్కి తగ్గుతాయి, మీవి తగ్గవు, రెండూ ఒకటెలా అవుతాయని లాయరమ్మ మూడు రకాలుగా అడిగింది. కోటు వాళ్లు కాయితాలు తిప్పారు, ఒకరి చెవిలో ఒకరు ఊదుకున్నారు. బల్ల కింద పెద్దాయన పాదం ఊపడం ఆగింది. గెలుస్తామేమోనని అందరికీ ఒకేసారి అనిపించింది.

అప్పుడు గళ్ల చొక్కా ఆయన గొంతు సవరించుకుని ఏదో అడిగాడు.

"మీరు దాన్ని ఏమని పిలుస్తారు అంటున్నాడు" అంది లాయరమ్మ.

"మొహమాటం" అంది చెల్లెమ్మ.

లాయరమ్మ నోరు తెరిచి, మూసింది. ఒక మాట చెప్పింది, తల అడ్డంగా తిప్పింది. ఇంకోటి చెప్పింది, అదీ కాదంది. ఇటు తిరిగి, "సిగ్గు అని చెప్పాను, కాదు కదా. భయం కాదు, మర్యాదా కాదు. కావాలని ఉండి కూడా, అవతలివాళ్లు ఏమనుకుంటారోనని చెయ్యి చాపలేకపోవడం... దీనికి వాళ్ల దగ్గర మాటే లేదమ్మా" అని, చివరికి ఆ వాక్యమంతా అలాగే అప్పగించింది.

ముసలాయన వింటూ మెల్లగా తల ఊపాడు. తమ కాయితంలో దాని పేరు "ద్వితీయ స్పర్శ నియంత్రణ పద్ధతి" లాంటిదేదో అని చెప్పి నవ్వాడు. "మొగమాత" అని పలికి చూసుకున్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడాడు. కోటు వాళ్లలో ఒకడు మధ్యలో ఆపబోతే వినిపించుకోలేదు. లాయరమ్మ ముక్కలు ముక్కలుగా చెప్పింది.

"వాళ్ల నాన్నకి చెయ్యి లేదట. ఇనుప కొక్కెం ఉండేదట. దెబ్బ తగులుతుందని పిల్లల్ని దగ్గరికి తీసుకునేవాడు కాదట... చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకునేవాడట. ఆయన పోయాక ఇది రాశానంటున్నాడు. కంపెనీ పేటెంటు తీసుకుంది గాని, అప్పట్లో ఆ మోటార్లు ఖరీదని ఏ చేతిలోనూ పెట్టలేదట. బీరువాలో పెట్టుకుంది. ఎవరైనా చేస్తే ఆపడానికి మాత్రం పనికొస్తోంది. వచ్చే నెల ఈయన ఉద్యోగం అయిపోతుందట. కాయితం మీద తప్ప అది కదలడం తనెప్పుడూ చూడలేదట." లాయరమ్మ గొంతు తగ్గింది. "ఒక్కసారి చూడొచ్చా అంటున్నాడు."

చెయ్యి చాచి ఆమె మైకు ఆపేసింది. "వద్దు. సరిగ్గా దీనికోసమే తీసుకొచ్చారు ఆయన్ని. ఆయన నిజంగా అడుగుతుండొచ్చు, పక్కనున్నవాళ్లు నిజంగా రాసుకుంటారు."

పెద్దాయన అప్పుడే కుర్చీలోంచి సగం లేచాడు. లాయరమ్మ చూపుకి మళ్లీ కూలబడ్డాడు. తలుపు పక్కన గుడ్ల బుట్టతో నిలబడ్డ అన్నయ్య చెల్లెలి మొహంలోకి చూశాడు.

తెర మీద ముసలాయన రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. చెల్లెమ్మ తనకేం కావాలో ఆ మొహంలో చూసింది. తన పెట్టెలు ఓడెక్కినప్పుడల్లా తన మొహం ఎలా ఉండేదో అలాగే ఉంది అది. ఈ పని ఏమిటో లోకంలో పూర్తిగా తెలిసినవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకరు ఈ పక్క, ఒకరు ఆ పక్క. ఆయన్ని అలా కూర్చోబెట్టి, నోటిమాటలతో గెలిచి, ఆ గెలుపుతో ఇంటికెళ్లి అన్నం తినడం తన వల్ల కాదనిపించింది. కింద పనిచేసేవాళ్లు గుర్తుకు రాలేదని కాదు. వచ్చారు. అయినా అంది.

"చూపిద్దామండీ."

"చెల్లెమ్మా!"

"ఒక్కసారే."

అన్నయ్య కెమెరా ముందుకొచ్చి కూర్చున్నాడు. గుడ్డు ఎత్తాడు, దించాడు. నిండా నీళ్లున్న కాయితపు కప్పు ఎత్తాడు. ముసలాయన తెరకు దగ్గరగా జరిగి జరిగి, చివరికి ముక్కూ కళ్లద్దాలే కనిపించాయి. ఏదో మెల్లగా అడిగాడు. లాయరమ్మ చెప్పడానికి ఇష్టపడలేదు. చెప్పింది.

"మనిషి చేతినీ పట్టుకుంటుందా అంటున్నాడు."

వదిన కుట్టుమిషను దగ్గర్నుంచి లేచి వచ్చి, చీరకు అంటుకున్న దారప్పోగులు దులుపుకుని, చెయ్యి బల్ల మీద పెట్టింది. నల్లవేళ్లు వచ్చి ఆమె వేళ్లను తాకాయి. వెనక్కి తగ్గాయి. ఆగాయి. పట్టుకున్నాయి.

ముసలాయన ఒకే మాట అన్నాడు. మళ్లీ మళ్లీ అదే మాట, రెండు అరచేతులూ బుగ్గల మీద పెట్టుకుని. దానికి ఎవరూ అర్థం చెప్పనక్కర్లేకపోయింది. అదే, అదే, అంటున్నాడాయన. ఏడుస్తున్నాడు కూడా. పక్కనున్న కోటు అతను ఆ మాటను రాసుకున్నాడు.

తెర నల్లబడ్డాక లాయరమ్మ కంప్యూటరు మూసి సంచిలో పెట్టుకుంది. "మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత" అంది. "ఆ ఏదో ఏంటో పెద్దవాళ్ల ముందు అనకూడదు గాని, మనకిప్పుడు అదే అయింది."

వాళ్ల షరతులు వెంటనే వచ్చాయి. మర్యాదగానే ఉన్నాయి. పాత అమ్మకాలకు పరిహారం అడగరు, చేతుల్ని ఆ దేశంలో ఎన్నయినా అమ్ముకోవచ్చు. మొహమాటం మాత్రం ఉండకూడదు. ఓడెక్కే చేతుల్లోనే కాదు, ఇక్కడ అమ్మేవాటిలో, ఇదివరకు అమ్మినవాటిలో, ఎక్కడా.

"ఇక్కడ ఆపే హక్కు వాళ్లకి లేదు కదండీ?" అంది చెల్లెమ్మ.

"హక్కు లేదు. ఒప్పందంలో అడిగి తీసుకుంటున్నారు" అంది లాయరమ్మ. "నచ్చకపోతే కోర్టుకెళ్లొచ్చు. తీర్పొచ్చేసరికి ఈ వర్క్‌షాపు ఉండదు."

పెద్దాయన కలం పట్టుకుని ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వు వద్దంటే పెట్టనమ్మా" అన్నాడు. ఆ క్షణాన నిజంగానే పెట్టడు. అది తెలిసే ఆమె, "పెట్టండి" అంది. ఆరోజు చూపిద్దామన్నది తనే. కింద పనిచేసే అందరికీ ఆ సంగతి తెలుసు. ఒక్కరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

కొత్త చేతుల్లోంచి ముందు తీసేసింది. తీయడం చాలా తేలిక. రాయడానికి పట్టిన కాలం తలుచుకుంటే నవ్వొచ్చేంత తేలిక. ఆ పూట పరీక్ష బల్ల మీద గుడ్లు టపటపా పగిలాయి. ప్యాకింగు వాళ్లు గిన్నె పట్టారు. మధ్యాహ్నం ఆమ్లెట్లు వేశారు. ఎన్నాళ్లకో వచ్చిన ఆమ్లెట్లు. తలా కాస్త తుంపి పక్కన పెట్టారు. పోట్లాడి రెండోది వేయించుకునే లావుపాటి డ్రైవరు కూడా, ఎందుకో ఆకలి లేదన్నాడు.

తర్వాత పాత చేతులు. ఊళ్లో చేతులున్నవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. అన్నయ్య ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఇకమీదట ఇది తాకి ఆగదు, మెత్తటివి ఎడంచేత్తో పట్టుకోండి అని చెప్పి మేడమీదికి పంపాడు. కూరలమ్మే ఆవిడ కిందికి దిగుతూ, "టమాటాలు వేరే ఎవరిచేతైనా ఏరించుకుంటాలే అన్నయ్యా, నువ్వు బాధపడకు" అని ఆయన్నే ఓదార్చింది.

చివరికి మిగిలింది ఆయన చెయ్యి. పెద్దాయన గుమ్మం దాకా వచ్చి, కళ్లద్దాలు తుడుచుకుంటూ, "నేను కిందే ఉంటానమ్మా. పైన ఏం జరిగిందో నాకు తెలీదు, తెలుసుకోను కూడా" అని దిగిపోయాడు. అబద్ధానికి అంత దగ్గరగా వెళ్లడం ఆయన జన్మలో మొదటిసారి.

అన్నయ్య వచ్చి చెయ్యి విప్పబోయాడు. వెనకే వదిన, కుట్టు మధ్యలో లేచొచ్చినట్టుంది, సూది ఇంకా పమిటకు గుచ్చి ఉంది.

"విప్పకు. నీది ముట్టుకోను" అంది చెల్లెమ్మ.

"అదేంటే?"

"ఎవరొచ్చి చూస్తారు? వాళ్లకి అమ్మినవి కావాలి. నీది అమ్మింది కాదు, నేను చేసి పెట్టింది. లాయరమ్మనీ అడగను. వదినా, నువ్వైనా చెప్పు."

వదిన చూపుడువేలి గోరును బొటనవేలితో రుద్దుకుంటూ నిలబడింది.

అన్నయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "రేపు ఆ కూరలావిడ వస్తుంది. గ్లాసు ఎలా పట్టుకోవాలో మొదట్నుంచీ నేర్పాలి. ఆవిడ ఎదురుగా కూర్చుని నా చెయ్యి తాకి ఆగుతుంది, ఆవిడది ఆగదు. ఆవిడ చూస్తుంది. ఏమీ అనదు, అది వేరే సంగతి. ఊరందరికీ ఒక దారి, నాకొక్కడికీ ఒక దారా?" ఆయన చిన్నగా నవ్వాడు. "నాకు మొహమాటం కాదూ?"

చెల్లెమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటే ఇన్నాళ్లుగా ఆపుకున్న ఏడుపూ వచ్చింది. మొహమాటం ఉంచుకోవడానికి మొహమాటపడే మనిషిని ఏ కోర్టులో నిలబెట్టి ఏం చేయగలరు? ఆమె కళ్లు తుడుచుకుని, కంప్యూటరు తీగను చేతికి తగిలించడానికి వంగింది. తగిలించలేదు.

"అన్నయ్యా."

"ఊఁ."

"ఓసారి చెయ్యి పట్టుకోవా?"

ఆయన ఆమె వంక చూశాడు. ఇంతకాలం ఈ మాట అడగలేదేమని గాని, తనకు తోచలేదేమని గాని అనలేదు. చెయ్యి చాపాడు. నల్లవేళ్లు ఆమె మణికట్టును తాకాయి. నొప్పెడుతోందా అన్నట్టు వెనక్కి తగ్గాయి. ఆగాయి. ఆ ఆగిన చోట ఆమె కళ్లు మూసుకుంది. తను రాసిందే. ప్రతి అక్షరమూ తెలిసిందే. అయినా తర్వాతేం జరుగుతుందో తెలియనట్టే గుండె కొట్టుకుంది. వేళ్లు ఎంత కావాలో అంతే బిగుసుకున్నాయి.

"రోడ్డు దాటిస్తున్నట్టుందే" అన్నాడు అన్నయ్య.

"అవును" అంది.

చాలాసేపయ్యాక తనే చెయ్యి విడిపించుకుని, తీగ తగిలించి, మొహమాటాన్ని తీసేసింది. అన్నయ్య వేళ్లు ముడిచి తెరిచి చూసుకున్నాడు. టక్కున మూసుకుంటున్నాయి, టక్కున తెరుచుకుంటున్నాయి. "పర్లేదు, పట్టకారు కంటే నయమే" అన్నాడు. తన పాత తిట్టు ఆయనకు ఇంకా గుర్తుంది.

వాళ్లిద్దరూ ముందు బయల్దేరారు. పని ఉందని చెల్లెమ్మ ఆగిపోయింది. పనేమీ లేదు. కిటికీ దగ్గరకెళ్లి నిలబడింది. కింద గేటు దాటి ఇద్దరూ రోడ్డు అంచుకు వచ్చారు. అన్నయ్య ఆగి, పెళ్లానికి దారి ఇస్తూ కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడంచెయ్యి చాపాడు. ఇక వదిన ఎడంపక్కకు మారాలి. ఆ మారడం చూడలేక చెల్లెమ్మ తల తిప్పుకుందామనుకుంది. తిప్పుకోలేకపోయింది.

వదిన ఎడంపక్కకు ఒక అడుగు వేసింది. నిలబడింది. కోడిగుడ్డు ముందు నిలబడ్డట్టు ఒక్క క్షణం ఆగి, ఆయన వెనకనుంచి తిరిగి కుడిపక్కకు వచ్చింది. వీపు వెనక దాచుకున్న నల్లచేతిని తనే ముందుకు లాగి, రెండు వేళ్లు పట్టుకుంది. ఆయన ఏదో అన్నాడు, వద్దనే అయి ఉంటుంది. చెయ్యి మూయకుండా అలాగే బిగబట్టి తెరిచి ఉంచాడు.

బస్సు ఒకటి వెళ్లిపోయింది. రోడ్డు ఖాళీ అయ్యాక వదిన ఆయన్ని దాటించింది.